గరిటె వదిన పగ

మా వదిన చేతిలో గరిటె చూసి ఆవిడ వంటమనిషి అనుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. అలా అనుకుని "ఏం వండుతున్నావమ్మా" అని అడిగినవాళ్లకు ఆవిడ అదే గరిటె ముక్కు కింద పెట్టి చూపించేది. అందులో నాలుగు చుక్కల మురికి నీళ్లు, ఆ నీళ్లలో తలకిందులుగా వేలాడే పదో పన్నెండో పిల్లపురుగులు. "మీ పెరట్లోవే. ఇంకో నాలుగు రోజులు ఆగితే వాటికి మీరే వడ్డన," అనేది. ఆ తరవాత ఆ ఇంట్లో ఎవరూ ఆవిడతో పరాచికాలాడిన దాఖలా లేదు.

పొడుగాటి కర్ర బిగించిన తెల్ల ఎనామిల్ గరిటె అది. తెలుపెందుకంటే పురుగు కనపడాలి. కర్రెందుకంటే చెట్టు తొర్రలో చెయ్యి పెడితే మొదట పలకరించేది దోమ కాదు, తేలు. కర్ర ఆలోచన నాదేనని నేను పదిమందిలో చెబుతుంటాను. కాదని వదిన నూరుమందిలో చెబుతుంది.

మనిషి నాలుగడుగుల పది అంగుళాలు. మాట తక్కువ, నడక ఎక్కువ. పాము పన్నెండేళ్లు పగ పడుతుందంటారు గానీ మా వదిన ముందు పాము పాలు తాగే పిల్ల. కాపురానికి వచ్చిన కొత్తలో సందు చివర కొట్టువాడు సంచి అడుగున కుళ్లిన టమాటాలు వేసి ఇచ్చాడు. ఆ రోజు నుంచి ఆ సందులో కాలు పెట్టలేదు, రెండు వీధులు చుట్టి వెళ్లేది. కొట్టువాడు ముసలివాడైపోయాడు, కొట్టు మూతబడింది, అక్కడిప్పుడు ఫొటో స్టూడియో ఉంది. అయినా ఈవిడ చుట్టి వెళ్లడం మానలేదు.

వాళ్ల నాన్న బావుల్లో పూడిక తీసేవాడు. నిలవున్న నీళ్లు ఊరికే ఉండవు, ఏదో ఒకటి కంటాయి అని ఆయన అనేవాడట. ఆ ముక్క ఆవిడకు చాలాకాలం అక్కరకు రాలేదు. మా అన్న టైలరింగ్ షాపులో గుండీలు కుట్టుకుంటూ, కాజాలు తీసుకుంటూ కూర్చుంది.

మా అన్న కత్తెర సంగతి చెప్పాలి. గుడ్డ పరిచి కళ్లు మూసుకుని కత్తిరించేవాడు. ఒకసారి షాపు ముందు నుంచి నడిచిపోతున్న మనిషిని చూసి, కొలతలు తీసుకోకుండానే చొక్కా కుట్టి, సాయంత్రం ఆయన తిరిగి వచ్చేసరికి తొడిగి పంపాడు. ఆ చొక్కా పాడవుతుందని ఆ మనిషి ఈనాటికీ లావెక్కలేదు. నమ్మకపోతే మానండి.

అలాంటి వేళ్లను ఒక దోమ పట్టేసింది. ఓ వానాకాలం జ్వరం వచ్చింది. జ్వరం అయిదు రోజుల్లో పోయింది, కీళ్ల నొప్పులు పోలేదు. మూడు నెలలు గోడ పట్టుకుని నడిచాడు. కాళ్లు తిరిగొచ్చాయి గానీ వేళ్లు పూర్తిగా రాలేదు. పిడికిలి బిగిస్తే సగంలో ఆగిపోతుంది. కత్తెర కన్నంలో బొటనవేలు దూరినా మడత పడదు. డాక్టరు కాగితాలు తిరగేసి, ఇది పగటిపూట కుట్టే దోమ పని, ఇంటి చుట్టుపక్కలే పుడుతుంది అన్నాడు.

"ఎక్కడ పుడుతుందండీ?" అంది వదిన, బల్ల మీదికి వంగి.

డాక్టరు నవ్వాడు. "ఏమ్మా, వెళ్లి కొడతావా?"

"కొడతాను," అంది.

ఆ వారంలోనే దోమల మందు కొట్టే కంపెనీకి వెళ్లింది. వీపు పంపు బరువు, ఆడవాళ్ల వల్ల కాదన్నారు. పంపు నిండా నీళ్లు పోయించుకుని, తగిలించుకుని, మూడంతస్తులు ఎక్కి దిగి వచ్చి మేనేజరు బల్ల ముందు నిలబడింది. నేను ఈ కథ చెప్పేటప్పుడు ఏడంతస్తులంటాను. ఆ భవనానికి ఉన్నవి మూడే.

ఆవిడకు ఇచ్చింది చెట్ల వీధి. నలభై రెండు ఇళ్లు, ఇళ్లకంటే ముందు నుంచీ ఉన్న చెట్లు. పెరడంటే పెరడు కాదు, గోడ కట్టిన అడవి. ఎండ నేల మీద పడేది మధ్యాహ్నం ఓ గంట. మిగతా పొద్దంతా నీడ, తడి ఆకులు, వెదురు పొదలు, ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడే తీగలు. ఆ వీధి దోమల గురించి నేను చెబితే కోతలంటారు గానీ, అవి కాలింగ్ బెల్ నొక్కి లోపలికొచ్చేవి. పిల్లలు షటిల్ ఆడితే బ్యాటుకు కాక్ కంటే దోమలే ఎక్కువ తగిలేవి. నన్ను కుట్టిన దోమ ఒకటి దారి మర్చిపోయి అక్కడక్కడే తిరిగి చచ్చిందనీ, నా రక్తంలో పరీక్ష తప్పే గుణం ఉందనీ వదిన అంటుంది. చదువు మధ్యలో మానేసినవాడికి ఎవరు పడితే వాళ్లు మాట అంటారు.

తక్కిన పనివాళ్లు వస్తూనే పొగ మిషను లాగేవారు. వదిన ముందు నడిచేది. పొద్దున ఏడింటికి గేటు దగ్గర మొదలుపెట్టి, ఎడమ చేతి గోడ వెంబడి పెరడంతా చుట్టి, మళ్లీ గేటు దగ్గరికి. కళ్లు ఒకసారి పైకి, ఒకసారి కిందికి. పైన కొమ్మ చీలిన చోట తొర్ర, సన్‌షేడ్ మూల, ఆకులు కూరుకుపోయిన వాననీటి గొట్టం. కింద పాత టైరు, కుక్క నీళ్ల గిన్నె, ఏసీ నీళ్లు పడే డబ్బా, పిల్లల బొమ్మ లారీ.

"లారీలో కూడానా వదినా?" అన్నాను ఒకసారి.

"చెంచాడు నీళ్లు చాలు. నీలాంటివాళ్లు యాభై మంది పుడతారు."

తొర్రలో అయితే గుళికల మందు నాలుగు పలుకులు. మిగతావన్నీ పారబోసి, గట్టి బ్రష్షుతో అంచులు తోమి, బోర్లించేది. తోమకపోతే పారబోసినా దండగే. అన్నను కుట్టిన ఆ జాతి దోమ గుడ్లను నీళ్లలో వదలదు, నీటిమట్టానికి కాస్త పైన గోడకు అంటిస్తుంది. గిన్నె ఎండిపోయినా అవి నెలల తరబడి చావవు. మళ్లీ వానపడి నీళ్లు తగిలిన పూట లేచి కూర్చుంటాయి. "చూశావా, అదీ పగపట్టి కూర్చుంటుంది," అంది నాతో. ఆ గొంతులో కాస్త మెచ్చుకోలు కూడా వినపడింది నాకు.

వానలకు ముందు నెలంతా తోముడు. వానల్లో వారానికో చుట్టు. వానలు వెనకపట్టాక ఆకులు ఊడ్పించడం, గొట్టాలు పొడిపించడం. పొగ చిట్టచివరి మాట, అదీ తేనెటీగలు పూల మీద లేని వేళ చూసి. నాలుగేళ్లకు చెట్ల వీధివాళ్లు సాయంత్రం అరుగుల మీద కూర్చుని కాఫీ తాగడం మొదలుపెట్టారు. అంతకుముందు ఆ అరుగులు ఎందుకు కట్టించారో వాళ్లకే తెలియదు.

అప్పుడు వచ్చాడు అల్లుడుగారు.

కంపెనీకి కొత్త సూపర్‌వైజరు. చెట్ల వీధిలో ఒకటో నంబరు ఇల్లు ఆయన అత్తగారిది. పెళ్లయిన నాటి నుంచి అక్కడే కాపురం కాబట్టి వీధి మొత్తానికీ ఆయన అల్లుడుగారే. ఆ అత్తగారు రిటైరైన హెడ్‌మిస్ట్రెస్, వీధి సంఘానికి పెద్ద. ఇంట్లో ఆవిడ ముందు కూర్చోవడానికి కూడా జంకే ఆ మనిషికి ఆఫీసులో కుర్చీ దొరికింది. ఇక చెప్పేదేముంది.

పదిహేను రోజులకోసారి ప్రతి ఇంటికీ పొగ కొట్టి తీరాలన్నాడు. పొగ కనపడితేనే జనం పని జరిగిందనుకుంటారు, చచ్చిన పురుగు ఎవరికి కనపడుతుంది అన్నాడు. వదినేమో ఇంటింటా "పొగ అక్కర్లేదండి, ఆ టైరు తీసెయ్యండి చాలు" అని చెప్పుకుంటూ పోతోంది.

"నువ్వు జీతం తీసుకునేది మందు కొట్టడానికా, వద్దని చెప్పడానికా?" అన్నాడు.

"దోమలు లేకుండా చెయ్యడానికనుకున్నానండి," అంది వదిన.

అది ఆయన మనసులో ముల్లులా దిగింది.

పనిముట్ల షెడ్డులో కిటికీ గట్టు మీద వదిన గాజు సీసాలు పెట్టుకునేది. ఒక్కో ఇంట్లో దొరికిన నీళ్లు ఒక్కో సీసాలో, మూతికి దోమతెర గుడ్డ కట్టి, ఇంటి నంబరు రాసి. ఏ పెరట్లో ఏ జాతి లేస్తుందో తెలిస్తే తొర్రలో వెతకాలో డబ్బాలో వెతకాలో తెలుస్తుంది. రెక్కలొచ్చిన దోమ సీసాలోనే చచ్చేది. ఒక ఆదివారం పొద్దున అల్లుడుగారు వీధివాళ్లందరినీ వెంటబెట్టుకొచ్చి, వదిన లోపలుండగానే, ఆ షెడ్డు తలుపు తీశాడు.

"మీ ఇళ్లలో దోమలు పూర్తిగా ఎందుకు పోవట్లేదో చూడండి. ఈవిడ పెంచుతోంది. నంబర్లేసి మరీ పెంచుతోంది."

సీసాల్లో పురుగులు కదులుతున్నాయి. నంబర్లు వదిన చేతిరాతే. ఆవిడ నోరు తెరిచేలోపే నలభై గొంతులు లేచాయి. పదిహేడో నంబరాయనకు చెవుడు. ఆయన పక్కవాళ్లను అడిగి, విషయం తెలుసుకుని మరీ ఛీ అన్నాడు. హెడ్‌మిస్ట్రెస్ కళ్లద్దాలు సర్దుకుని, "ముప్పై ఏళ్లలో ఎంతోమంది దొంగల్ని చూశాను గానీ ఇలాంటి దొంగతనం చూడలేదు. మా గేటు తొక్కకు," అంది. ఒక్క పూటలో నలభై రెండు గేట్లు మూసుకున్నాయి, వాటితో పాటు కంపెనీ గేటూ.

ఇంటికొచ్చి వదిన ఏడవలేదు. గరిటె తోమింది, మేకుకు తగిలించింది.

"ఆయన నోటితోనే అబద్ధమని చెప్పిస్తాను. ఆ నలభై రెండిళ్ల వాళ్ల ముందే," అంది.

ఎనిమిది నెలలు కిటికీలకు నెట్లు బిగిస్తూ బతికింది. అన్న కొలతలు చూసేవాడు, ఆయన కన్ను మాత్రం అలాగే ఉంది. నేను మంచి మంచి ఉపాయాలు చెప్పాను. అల్లుడుగారి బూట్లలో బెల్లం పెట్టి చీమలు పట్టిద్దామన్నాను. ఆయన పొగ మిషనులో కారం పోద్దామన్నాను. వీధి చివర ఉన్న ఎద్దుకు ఆయన చొక్కా వాసన చూపిద్దామన్నాను, ఎద్దు నేను చెప్పినట్టు వింటుందని కూడా చెప్పాను.

"నీ బుర్ర తొమ్మిదో తరగతి దగ్గరే ఆగింది," అంది వదిన. నేను మానేసింది ఇంజనీరింగ్ రెండో ఏడు. అయినా ఎదురు చెప్పలేదు.

ఇక్కడ నా ఘనకార్యం ఒకటి ఒప్పుకోవాలి. నేను నర్సరీలో ట్రాలీ ఆటో తోలుతాను. వానలకు ముందు అల్లుడుగారు మా నర్సరీకి వచ్చి చెట్ల వీధివాళ్లకు కంపెనీ బహుమతిగా నలభై రెండు ఫెర్న్ కుండీలు కావాలన్నాడు. కుండీ కింద పెట్టే పచ్చ ప్లాస్టిక్ ప్లేట్లు ఆయనే ప్రత్యేకంగా చేయించి తెచ్చాడు. వాటి అంచున కంపెనీ పేరు, "దోమలు లేని ఇల్లు మా హామీ" అని ఉబ్బెత్తు అక్షరాలు, ఆయన ఫోన్ నంబరు. వాటన్నిటినీ మోసి, ఇంటింటా దించి, రోజూ దండిగా నీళ్లు పొయ్యండని చెప్పి వచ్చింది ఎవరనుకున్నారు. నేనే. శత్రువు సరుకు మోశానని వదినకు నెలరోజులు చెప్పలేదు. ఒకరోజు అన్నం తింటూ నోరు జారాను.

వదిన వడ్డించడం ఆపింది. "ప్లేటు లోతెంత?"

"నాలుగు వేళ్లుంటుంది."

"అడుగున కన్నముందా?"

"ప్లేటుకు కన్నమేంటి వదినా. అప్పుడది ప్లేటెందుకవుతుంది?"

"ఎండలో పెట్టారా, నీడలోనా?"

"ఫెర్న్ కదా, నీడలోనే. దగ్గరుండి నేనే పెట్టించా."

ఎనిమిది నెలల తరవాత ఆవిడ నవ్వడం చూశాను. "మరిదీ, ఇన్నాళ్లకు ఒక పనికొచ్చావయ్యా," అని ఇంకో గరిటెడు కూర వేసింది. భయమేసింది నాకు.

సోమవారం మొదటి పెద్ద వాన పడింది. వదిన గోడ మీది క్యాలెండరులో గీతలు పెట్టింది. ఎండలకు ఆ ప్లేట్లలో ఇన్నాళ్లూ నీళ్లు నిలవలేదు, అంచున అంటిన గుడ్లు ఇవాళ పగులుతాయి. ఆరో రోజుకు పురుగు ముడుచుకుని కామాలా అవుతుంది. ఎనిమిదో తొమ్మిదో రోజుకు రెక్కలు. "వచ్చే మంగళవారానికి ఆ వీధిలో ఒక్కడు అరుగు మీద కూర్చోలేడు. కుట్టనీ, బాగా కుట్టనీ. అప్పుడెళ్లి ఎక్కణ్ణుంచి వచ్చాయో చూపిస్తాను," అంది.

అన్న మూల కూర్చుని నెట్టు గుడ్డ మడతపెడుతున్నాడు. "కుట్టాక ఎవరికి జ్వరం రావాలో కూడా నువ్వే ఎంచి పంపుతావా?" అన్నాడు.

వదిన కంచం ముందు కూర్చుని అన్నం కలపడం మొదలుపెట్టింది.

"నా వేళ్లు ఇలా చేసినదాన్ని చంపుతానని బయలుదేరావు. ఇప్పుడు దానికి రెక్కలొచ్చేదాకా కాపలా కూర్చున్నావు." అంతే అన్నాడు. మా అన్న పొడుగు మాటలు మాట్లాడడు, ఇంట్లో ఆ శాఖ నాది.

వదిన కలుపుకున్న అన్నం అలాగే వదిలేసి చెయ్యి కడుక్కుంది. శుక్రవారం దాకా అదే వరస. క్యాలెండరు ముందు నిలబడేది, అన్న చేతుల వైపు చూసేది, మళ్లీ క్యాలెండరు వైపు. శనివారం పొద్దున్నే గరిటె మేకు మీంచి దించింది. "ఆటో తియ్యి. రెక్కలు రాకముందే పని కానిద్దాం. కుట్టించుకోకుండానే నమ్ముతారో లేదో, అది వాళ్ల ఖర్మ, నా ఖర్మ."

ఏడింటికి ఒకటో నంబరు గేటు బయట నిలబడింది. హెడ్‌మిస్ట్రెస్ పేపరు పట్టుకుని మెట్లు దిగింది.

"గేటు తొక్కొద్దన్నాను."

"తొక్కలేదండి. రోడ్డు మీదే ఉన్నాను. మీకు బహుమతిగా వచ్చిన కుండీ ఉంది కదా, దాని కింద ప్లేటు ఒలక్కుండా తెచ్చి చూడండి. అందులో ఏమీ లేకపోతే ఈ వీధి మొహం మళ్లీ చూడను."

"నాకు పాఠం చెప్పొచ్చావా?"

"లేదండి. పరీక్ష పెట్టమంటున్నాను."

పరీక్ష అన్న మాటకు ఆ వయసులో కూడా ఆవిడ వెన్ను నిటారైంది. లోపలికి వెళ్లి, జవాబు పత్రాల కట్ట మోసినట్టు రెండు చేతులతో ప్లేటు పట్టుకొచ్చి గేటు దిమ్మ మీద పెట్టింది. వదిన గరిటె ముంచి కమ్మీల మధ్య నుంచి అందించింది. హెడ్‌మిస్ట్రెస్ భూతద్దం తెచ్చుకుంది. ముప్పై దాకా లెక్కపెట్టి ఆపేసింది. కొన్ని అప్పటికే కామాల్లా ముడుచుకుని ఉన్నాయి.

"ఎన్నాళ్లలో ఎగురుతాయి?"

"మూడు రోజుల్లోనండి. ఇంతకుముందు మీ ఇంటి నీళ్లు నా సీసాలో ఉన్నది ఇది కనిపెట్టడానికే."

ఆవిడ ప్లేటు అంచు మీది అక్షరాలు బయటికి చదివింది, తరగతిలో చదివినట్టు, ఒక్కో మాటా విడదీసి. తరవాత లోపలికి వెళ్లి, రిటైరైనప్పుడు స్కూలువాళ్లు ఇచ్చిన ఇత్తడి గంట తెచ్చి గేటు దగ్గర వాయించింది. అగ్నిప్రమాదమనుకుని సగంమంది బకెట్లతో వచ్చారు. ఎవరి ప్లేటు వాళ్లు ఒలక్కుండా తెచ్చి వరసగా రోడ్డు మీద పెట్టమంది. పావుగంటలో నలభై రెండు పచ్చ ప్లేట్లు. ముప్పైతొమ్మిదింటిలో పురుగులు గిలగిలలాడుతున్నాయి. రెండిళ్లవాళ్లు ఫెర్నును ఎప్పుడో ఎండబెట్టి చంపారు. ఇంకొకరి ప్లేటులో నీళ్లు కుక్క తాగేసింది.

అల్లుడుగారు భుజాన తువ్వాలుతో, నోట్లో బ్రష్షుతో వచ్చాడు. వరస చూశాడు, వదినను చూశాడు, నురగ ఉమ్మేశాడు.

"ఈవిడే తెచ్చి పోసుంటుందండీ. దొంగచాటుగా."

"నలభై రెండు గోడలు దూకిందా?" అంది అత్తగారు. "మీ పడగ్గది కిటికీ కింద కుండీలో కూడా తనే పోసిందా? దానికి రోజూ నీళ్లు పోసేది నువ్వు. నేను చూస్తూనే ఉన్నాను."

ఆయన వదిన వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "సరే, పొరపాటు జరిగింది. నీ ఉద్యోగం నీకిప్పిస్తాను. వెళ్లు."

"ఉద్యోగం అడగలేదండి. దోమల్ని పెంచింది ఎవరో చెప్పండి."

"ప్లేట్లలో నీళ్లు నిలిచాయి, అంతే."

"ఎవరిచ్చిన ప్లేట్లు?"

"నేనిచ్చినవే."

"సీసాల్లో నేను పెంచానన్నారు."

ఆయన నేల చూశాడు. "అది నిజం కాదు. నాకప్పుడే తెలుసు."

"గట్టిగా. పదిహేడో నంబరు బాబుగారికి వినపడలేదు."

ఆయన మళ్లీ చెప్పాడు. పదిహేడో నంబరాయన చెవి దగ్గర చెయ్యి పెట్టి, "ఆఁ?" అన్నాడు. మూడోసారి చెప్పినప్పుడు పక్క వీధిలో కూరగాయలమ్మే మనిషి కూడా బండి ఆపి విన్నాడు. పదిహేడో నంబరాయనకు మొదటిసారే వినపడిందని నా అనుమానం. వదిన అడిగి చెప్పించుకున్న ప్రతిసారీ ఆయన మొహం వెలిగిపోతోంది.

అల్లుడుగారు కాలితో ఒక ప్లేటు కాలవలోకి తన్నబోయాడు. వదిన గరిటె అడ్డం పెట్టింది.

"అలా పారబోస్తే అంచున గుడ్లు మిగులుతాయండి. తోమాలి. మీకెవరూ నేర్పలేదనుకుంటా."

"బ్రష్షు ఆయన చేతిలోనే ఉంది," అంది అత్తగారు.

ఆ మాట మాత్రం నేను కల్పించింది కాదు. చివరికి పళ్ల బ్రష్షు వద్దని బట్టల బ్రష్షు తెచ్చి ఇచ్చారు. నలభై రెండూ ఆయనే తోమాడు, గొంతుక్కూర్చుని, పదకొండింటి దాకా. వదిన వెనకే నిలబడి ఒక్కో ప్లేటు వెలుతురుకు పట్టి చూసి, పదకొండు ప్లేట్లు మళ్లీ తోమించింది. వాటిలో ఆరింటికి మచ్చ కూడా లేదని నాకు తెలుసు.

వీధివాళ్లు కంపెనీని మానిపించి పని వదినకే అప్పజెప్పారు. ఆవిడ డబ్బు గురించి బేరమాడలేదు. ఒక్కటే అడిగింది. తను వచ్చినప్పుడు ప్రతి ఇంట్లో తనను ఆ రోజు నోరారా తిట్టినవాళ్లే వచ్చి గేటు తియ్యాలి. ఒకటో నంబరులో మాత్రం అత్తగారు కాదు, అల్లుడుగారు. ఆ ఇంట్లో ఆయన మాట అప్పటికే చెల్లుబాటు కాదు కాబట్టి ఆయన్ని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఇది రెండో వానాకాలం. తక్కిన ఇళ్లకు వారానికోసారి వెళుతుంది. ఒకటో నంబరుకు సోమవారం ఒకసారి, గురువారం ఒకసారి. అన్న ఆ మధ్య అడిగాడు, ఆ ఇంట్లో అన్ని దోమలున్నాయా అని.

"ఒక్కటీ లేదు," అంది వదిన.

ఒకటో నంబరు గేటు గడియ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. రెండు చేతులతో పైకెత్తి, భుజం ఆనించి తోస్తే గానీ రాదు. ఏడింటికి అల్లుడుగారు లుంగీ ఎగగట్టి దానితో కుస్తీ పడుతుంటాడు, వదిన బయట గరిటె పట్టుకుని చూస్తూ నిలబడుతుంది. రెండు చుక్కలు నూనె వేస్తానని నేనన్నాను. వదిన వద్దంది.